పవర్ హాలిడే నాటి కొలతలు

కాటేదాన్ పారిశ్రామికవాడలో మాకు ఆ రోజుల్లో మంగళవారం పవర్ హాలిడే, ఫ్యాక్టరీలకు కరెంటు ఇవ్వని రోజు. ప్లాస్టిక్ బిందెలు చేసేవాళ్లూ, బిస్కెట్లు కాల్చేవాళ్లూ, ఇనుప చువ్వలు సాగదీసేవాళ్లూ ఆ రోజు షట్టర్లు దించుకుని ఇళ్లకు పోయేవారు. వీధంతా సద్దుమణిగి, బెంగుళూరు రోడ్డు మీద లారీల చప్పుడు మాత్రం వినిపించేది. మా షెడ్డు ఒక్కటే మంగళవారం మోత మోగేది. ఆ మోత ఆశేర్‌ది.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఆ షెడ్డులో ఉన్న కంపెనీలో బ్యాటరీలు పరీక్షించే పనిలో చేరాను. 1996 నాటి మాట ఇది. మాది బ్యాటరీ చార్జర్లూ, ట్రాన్స్‌ఫార్మర్లూ చేసే చిన్న కంపెనీ. యజమాని మల్లేశ్వర్ గారు. ఆయనకు ఎక్కడో పరిచయం కుదిరి, ఒక ప్రభుత్వ ప్రయోగశాల నుంచి విమానాల పని కొంత తెచ్చారు. పైలట్ లేకుండా ఎగిరే చిన్న విమానం అది. దానికి కావలసిన కరెంటు సంగతి చూసేవాడు ఆశేర్. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాడు. ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషను పుస్తకం పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు.

మా ఇద్దరి ఇళ్లూ మైలార్‌దేవ్‌పల్లిలో ఒకే గల్లీలో ఉండేవి. నా బిడ్డకు అప్పటికి ఇంకా కూర్చోవడం రాలేదు. పొద్దున పనికి వచ్చేటప్పుడు వాణ్ని ఆశేర్ భార్య డోర్కాస్ దగ్గర వదిలి వచ్చేదాన్ని. ఆమెకు షెకీనా అని మూడేళ్ల కూతురు. వాడికి జ్వరం వచ్చిందేమో, పాలు కక్కాడేమో, ఆ పిల్ల వాడి నోట్లో ఏ గింజైనా పెట్టిందేమో అని షెడ్డులో కూర్చున్నా నా మనసు ఆ గల్లీలోనే ఉండేది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లి వచ్చే ఆశేర్, నేను అడగకముందే గుమ్మంలోంచి చెప్పేవాడు: "మంచిగున్నడు మేడం. పండుకున్నడు. పొట్ట గూడ మెత్తగనే ఉంది, నొక్కి చూసొచ్చిన."

అతను చేసే పని ఏమిటో చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు. విమానం గాలిలో ఉన్నప్పుడు అందులోని రేడియో, కెమెరా, రెక్కల అంచుల్ని కదిలించే మోటార్లు, అన్నీ ఇంజన్‌కు తగిలించిన చిన్న జనరేటర్ మీదే బతకాలి. అన్నీ ఒకేసారి కరెంటు అడిగితే జనరేటర్ బరువెక్కుతుంది. ఆ బరువుకు ఇంజన్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే కరెంటూ తగ్గుతుంది. ఎంతవరకు కుంగి మళ్లీ తేరుకుంటుంది, ఎక్కడ తేరుకోలేక కూలిపోతుంది అన్నది ఎగరకముందే తెలియాలి. విమానాన్ని పడేసి తెలుసుకోలేం కదా. అందుకని ఇంజన్‌నీ, జనరేటర్‌నీ, బ్యాటరీనీ సమీకరణాలుగా రాసి కంప్యూటర్లో నడిపిస్తారు. దాన్ని మేం మోడల్ అనేవాళ్లం. మల్లేశ్వర్ గారు గాలిపటం అనేవారు. "ఏమయ్యా ఆశేర్, నీ గాలిపటం లేసిందా? మాంజా సరిపోతలేదా?" అని రోజూ ఒకసారి అడిగితే గానీ ఆయనకు టీ దిగేది కాదు.

ప్రయోగశాల వాళ్లు అసలు ఇంజన్‌ను ముందే చేతికివ్వలేదు. వాళ్ల పాత జనరేటర్ ఒకటి ఇచ్చి, "మీ దగ్గర ఉన్న ఏదో ఒక ఇంజన్‌కు దీన్ని తగిలించండి. ఆ రెండింటికీ మోడల్ రాయండి. మీ మోడల్ గీసే గీతా, నిజం ఇంజన్ గీసే గీతా ఒకటే అయితే అప్పుడు విమానం ఇంజన్ మీ షెడ్డుకు పంపుతాం" అన్నారు. ఆశేర్‌కు కావలసింది అదొక్కటే. ఆ ఇంజన్ కాటేదాన్‌కు రావాలి. తన చేత్తో బోల్టులు బిగించి దాన్ని నడపాలి. ప్రమోషన్ గురించీ, జీతం గురించీ అతను మాట్లాడగా నేను వినలేదు. ఇంజన్ ఎక్కడ పెట్టాలో మాత్రం ముందే నిర్ణయించుకుని, షెడ్డు మూలలో సిమెంటు దిమ్మె పోయించాడు. ఖాళీ దిమ్మె చుట్టూ సున్నంతో గీత గీశాడు, ఎవరూ సామాను పెట్టకుండా.

మా దగ్గర ఉన్న ఇంజన్ ఒకటే. కరెంటు పోయినప్పుడు షెడ్డుకు లైట్లూ, ఫ్యాన్లూ, యంత్రాలూ నడిపే డీజిల్ ఇంజన్. దాని షాఫ్టుకు ఒక వైపు షెడ్డుకు కరెంటిచ్చే ఆల్టర్నేటర్ ఉంటే, రెండో వైపు పుల్లీ వేసి, బెల్టుతో ప్రయోగశాల ఇచ్చిన జనరేటర్‌ను తగిలించాడు ఆశేర్. అయితే డీజిల్ ఊరికే కాల్చడానికి మల్లేశ్వర్ గారు ఒప్పుకోలేదు. "మంగళారం ఎట్లైన ఇంజన్ నడుస్తది. నీ పరీచ్చలన్నీ మంగళారం పెట్టుకో. తక్కిన రోజులు లెక్కలు చేసుకో." అలా ఆశేర్ వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, మంగళవారం ఇంజన్ దగ్గర నిలబడేవాడు.

కొలతలు రాసుకునేది ఒక పాత రికార్డర్. ఏదో వేలంపాటలో వచ్చింది. లోపల కాగితం చుట్ట ఒకటి మోటారు మీద ఒకే వేగంతో కదులుతూ ఉంటే, వెలుగు చుక్క దాని మీద అలలు గీస్తుంది. జనరేటర్ వేగం తగ్గితే అల అలకూ మధ్య ఎడం పెరగాలి. ఎడం ఎంత పెరిగిందో స్కేలుతో కొలిస్తే ఇంజన్ ఎంత కుంగిందో తెలుస్తుంది.

ఆశేర్ పాల్మాకులలో పుట్టాడు. తండ్రి తోమాసు అటువైపు ఒకరి ద్రాక్షతోటలో బోరు మోటారు దగ్గర కాపలా ఉండేవాడు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటారు వేయడం ఆయన పని. కొడుకు పదో తరగతిలో ఉండగా తండ్రి పాము కరిచి చనిపోయాడు. తల్లి సీతమ్మ కూలికి పోయి చదివించింది. చిన్న మనిషి, గట్టి గొంతు. పాల్మాకుల చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద ముందు వరసలో కూర్చుని, పాస్టరు గారు బైబిలు వాక్యం మరిచిపోతే అందించేది. ఆదివారం వస్తే ఆశేర్ భార్యాబిడ్డలతో బస్సెక్కి అక్కడికి పోవలసిందే. "మైలార్‌దేవ్‌పల్లిల దేవుడు లేడా అమ్మా?" అని అతను నవ్వితే, "ఉన్నడు గని ఆయనకు మీ నాయిన ఎర్క లేదు" అనేది.

పరీక్షల సంగతి మొదట్లో బాగా సాగలేదు. మోడల్ గీతా, ఇంజన్ గీతా వేరువేరుగా పోయేవి. ఆశేర్ సమీకరణాల్లో ఇంజన్ బరువుకు కుంగినట్టు చూపించేది. రికార్డర్ కాగితం మీద మాత్రం అలల ఎడం దాదాపు మారేది కాదు. కరెంటు వాడకం పెంచి ఎంత లోడు వేసినా అలలు బుద్ధిగా వరసలో నిలబడేవి. "ఈ ఇంజన్ గవర్నర్ చాల టైట్‌గ పట్టుకుంటున్నది మేడం. నేనే దాన్ని తక్కువ అంచనా వేసిన" అన్నాడు. గవర్నర్ అంటే వేగం తగ్గగానే డీజిల్ ఎక్కువ వదిలి ఇంజన్‌ను నిలబెట్టే భాగం. మోడల్‌లో దాన్ని గట్టి చేస్తూ పోయాడు. వారం వారం గీతలు దగ్గరకొచ్చాయి. వానాకాలం దాటేసరికి రెండూ కలిశాయి. ఆ మధ్యాహ్నం రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి, నన్ను పిలిచాడు. వెలుతురులో ఒకే గీత కనబడింది.

"ఎక్కడ రెండున్నయో చెప్పండి మేడం."

నేను వెతికాను. దొరకలేదు.

"ఇగ ఇంజనొస్తది" అన్నాడు. అతను ఒక మాట అంత నిశ్చయంగా అనడం నేను వినడం అదే మొదటిసారి. ఏ పని గురించైనా "అయితదేమో చూద్దాం" అనడమే అతని అలవాటు.

ప్రయోగశాలకు ఫోను పోయింది. వాళ్లు వచ్చి తమ కళ్లతో చూసి నిర్ణయిస్తామన్నారు. ఈలోగా సీతమ్మకు సంగతి తెలిసింది. కృతజ్ఞత కూడిక, అంటే దేవునికి మొక్కుకునే ప్రార్థన, పెట్టాలని, ఆదివారం చర్చిలో కొడుకు సాక్ష్యం చెప్పాలని పట్టుపట్టింది. వాళ్లలో దేవుడు మేలు చేస్తే నలుగురి ముందూ నిలబడి చెప్పుకుంటారు, అది సాక్ష్యం. డోర్కాస్ నన్ను కూడా రమ్మంది. నేను ఆ రోజు పిల్లవాణ్ని ఎత్తుకుని వెళ్లాను. బయట వేపచెట్టు కింద తల్లీకొడుకుల వాదన అప్పటికే నడుస్తోంది.

"అమ్మా, వాళ్లింక చూడనే లేదు. చూసినంక చెప్త."

"అయినంక చెప్తె ఏముందిరా, అది కబురు. కాకముందే చెప్తె విశ్వాసం."

"కాకపోతే?"

"కాకపోతే అంటవేందిరా! నీ లెక్క కుదిరిందా లేదా?"

ఆశేర్ ఆగాడు. "కుదిరింది" అన్నాడు.

"మల్ల! లెక్క నీది, మాట దేవునిది. పో, నిలబడు."

నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ముందు తండ్రి పేరు చెప్పి, తర్వాత చెప్పాడు: "దేవుడు నాకు విమానం పని ఇచ్చిండు. నేను రాసిన లెక్క, ఇంజన్ నడిచిన లెక్క ఒక్కటే అయినయి. విమానం ఇంజన్ మా షెడ్డుకొస్తది. దేవునికి స్తోత్రం." చర్చి అంతా "స్తోత్రం" అంది. పాస్టరు జాన్ పాల్ గారు అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బయటికి రాగానే సంఘపెద్ద దశరథం పట్టుకున్నాడు.

"ఏం అల్లుడా, ఇమానమొస్తే మమ్మల్ని గూడ జర ఎక్కించు."

"ఇంజనే వస్తది మామా. రెక్కలు రావు."

"అయితే ట్రాక్టరుకు పెట్టుకుందం తియ్!"

అందరూ నవ్వారు. ఆశేర్ కూడా నవ్వాడు. సీతమ్మ ఒక్కతే నవ్వలేదు. కొడుకు భుజం మీద లేని దుమ్ము దులుపుతూ ఉంది.

ప్రయోగశాల అధికారి గురువారం వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. గురువారం కరెంటు ఉంటుంది. అయినా పెద్దమనుషుల కోసం ఇంజన్ వెయ్యక తప్పదు కాబట్టి మల్లేశ్వర్ గారు ముఖం ముడుచుకునే ఒప్పుకున్నారు. "కరెంటుండంగ డీజిల్ కాలుస్తున్న ఆశేర్, ఇజ్జత్ నిలబెట్టు" అని చెవిలో చెప్పడం నాకు వినబడింది.

ఆశేర్ ఇంజన్ వేశాడు. రికార్డర్ నడిపించాడు. లోడు స్విచ్చి నొక్కాడు. ఇంజన్ ఎప్పటిలాగే ఒక్కసారి మూలిగి తేరుకుంది. కాగితం బయటికి వచ్చింది. అలలు వరసలో లేవు. లోడు వేసిన చోట పళ్లు ఊడిన దువ్వెనలా ఎడం ఎడంగా విడిపోయి, చాలాసేపటికి గానీ దగ్గరపడలేదు.

ఆశేర్ బెల్టు జారిందనుకున్నాడు. ఇంజన్ ఆపి, బెల్టు బిగించి, మళ్లీ చేశాడు. అదే. డీజిల్ గొట్టంలో గాలి ఉందేమో చూశాడు. మళ్లీ చేశాడు. అదే. అధికారి తొందర పెట్టలేదు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు. అలా ఊరుకోవడమే భయంగా ఉంది. నాలుగోసారి స్విచ్చి నొక్కినప్పుడు ఇంజన్ మూలుగుతూ ఉంటే ఆశేర్ దాని వైపు చూడలేదు. తల పైకెత్తి ట్యూబులైటు వైపు చూశాడు. లైటు నిలకడగా వెలుగుతోంది.

"లైటు తగ్గలే మేడం" అన్నాడు నాతో.

నాకు ఒక్క క్షణం పట్టింది. మంగళవారాల్లో ఇంజన్ మూలిగినప్పుడల్లా షెడ్డులో లైట్లు కూడా మసకబారేవి. షెడ్డు మొత్తానికి కరెంటు ఆ ఇంజన్‌దే కదా. రికార్డర్ మోటారు కూడా ఆ కరెంటు మీదే నడిచేది. ఇంజన్ వేగం తగ్గితే ఆల్టర్నేటర్ వేగం తగ్గి, దానితోపాటే కాగితం కదిలే వేగం కూడా అంతే తగ్గేది. అల సాగినంతా కాగితం వెనకపడింది. రెండూ సరికి సరి పోయి, అలల ఎడం మారనట్టే కనబడింది. గుడ్డతోపాటు గజంబద్ద కూడా సాగితే ఎన్నిసార్లు కొలిచినా గుడ్డ సాగినట్టు తెలియదు. ఇన్ని నెలలుగా మంగళవారం తప్ప మరో రోజు ఇంజన్ వెయ్యలేదు. ఇవాళ గోడ ప్లగ్గులో ఊరి కరెంటు ఉంది. కాగితం తన వేగం తను నిలుపుకుంది. ఇంజన్ కుంగడం మొదటిసారి ఉన్నదున్నట్టు కనబడింది.

ఆశేర్ ఇదంతా అధికారికి చెప్పాడు. దాచలేదు. బెల్టు మీదకో, ఇంజన్ మీదకో నెట్టలేదు. అధికారి చివరిదాకా విన్నాడు.

"మీరు చెప్పింది నిజమేనండి. కారణం కూడా అదే అయ్యుండాలి" అన్నాడు. తర్వాత అడిగాడు: "ఇంజన్ మూలగడం మీకు రోజూ వినబడలేదా?"

"వినబడ్డది సార్."

"లైటు తగ్గడం చూశారా?"

"చూసిన సార్."

"మరి?"

"కాయితంల లేకుండె సార్" అన్నాడు ఆశేర్.

అధికారి కప్పు కింద పెట్టాడు. కోపం లేదు ఆయనలో. "ఒక్క నెల ఇయ్యండి సార్, కొత్తగ కొలిచి చూపిస్త" అని ఆశేర్ అడిగితే, "నిర్ణయం నా ఒక్కడిదే కాదండి. తప్పు బయటపడింది, మంచిదే. కానీ పట్టుకున్నది మీరు కాదు, ఇవాళ్టి కరెంటు. లోపల వాళ్లు అదే అడుగుతారు, నేనేం చెప్పను?" అన్నాడు. లేచి, పోతూ పోతూ మూలనున్న ఖాళీ దిమ్మె వైపు చూశాడు. అదేమిటని అడగలేదు.

దసరా సెలవుల తర్వాత తెలిసింది, విమానం ఇంజన్ ఇంకో ఊళ్లో ఇంకో సంస్థకు పోయిందని. ఆ పని మా నుంచి తీసేశారు. పాత జనరేటర్‌ను కూడా జీపు పంపి తీసుకుపోతామన్నారు గానీ, సంక్రాంతి దాటినా జీపు రాలేదు.

ఆ రాని జీపు ఆశేర్‌ను మరింత చెడగొట్టిందని నా నమ్మకం. జనరేటర్ ఉన్నన్నాళ్లూ అతను వదలలేదు. నా బ్యాటరీల వరసను అడిగి తీసుకుని, రికార్డర్‌ను ఇంజన్‌తో సంబంధం లేకుండా వాటి మీద నడిపే ఏర్పాటు చేసుకుని, మంగళవారాల్లో కొలతలన్నీ మళ్లీ మొదలుపెట్టాడు. గట్టి చేసిన గవర్నర్‌ను మోడల్‌లో వదులు చేశాడు. బెల్టు సాగడం కలిపాడు. చలికాలమంతా అన్నానికి ఇంటికి పోవడం మానేశాడు. నా పిల్లవాడి కబుర్లు చెప్పేవాళ్లు లేక నేనే మధ్యాహ్నం గల్లీకి పరుగెత్తేదాన్ని. నాకు వాడి ఒళ్లు ఒకసారి చూస్తే చాలని అనిపించేది కాదు ఇప్పుడు. థర్మామీటర్ మార్చి ఇంకోసారి చూసేదాన్ని. డోర్కాస్ నన్ను చూసి, "మా ఆయన రోగం మీకు గూడ అంటిందక్కా" అనేది.

గీతలు మళ్లీ కలిశాయి. ఈసారి అతను నన్ను కిటికీ దగ్గరకు పిలవలేదు. నేనే చూశాను. ఈ కలవడం నిజం కలవడం. రిపోర్టు రాసి ప్రయోగశాలకు పంపాడు. జవాబు లేదు. జల్‌పల్లి మీదుగా సైకిలు తొక్కుకుంటూ స్వయంగా గేటు దాకా పోయాడు. ఆ అధికారికి బదిలీ అయిందని, కొత్తాయనకు ఈ సంగతి తెలియదని లోపల్నుంచి చెప్పించారు. మరుసటి మంగళవారం జీపు వచ్చి జనరేటర్‌ను ఎత్తుకుపోయింది. మల్లేశ్వర్ గారు చెడ్డవాడు కాదు. "ఇగ ఆ గాలిపటం ముచ్చట బంద్ పెట్టు ఆశేర్. ఇంజన్ నువ్వు తప్ప ఎవలు నడుపుతరు? నీకేం ఢోకా లేదు" అన్నారు. ఆశేర్ మంగళవారాల్లో డీజిల్ పోసి ఇంజన్ వేసేవాడిగా మిగిలాడు. దిమ్మె మీద చార్జర్ల డబ్బాలు పేర్చారు.

అన్నిటికంటే కష్టమైంది ఆదివారాలు. పాల్మాకులలో అతని సాక్ష్యాన్ని ఎవరూ మరిచిపోలేదు. "ఇంజనొచ్చిందా అల్లుడా?" అని దశరథం అడిగేవాడు. ఎగతాళికి కాదు, కుశలం అడిగినట్టే. ఆడవాళ్లు సీతమ్మను అడిగేవాళ్లు. ఆమె "వస్తది" అని చెప్తూ పోయింది. వారం వారం ఆ "వస్తది" చిన్నదైపోయి, చివరికి తల మాత్రం ఊపేది. ముందు వరసలోంచి గోడ వైపుకు జరిగింది. పాస్టరు గారు తడబడినా వాక్యం అందించడం లేదని డోర్కాస్ చెప్పింది.

ఎండలు మొదలైనప్పుడు ఒక శనివారం ఆశేర్ జాన్ పాల్ గారి ఇంటికి వెళ్లి, తన సాక్ష్యం వెనక్కి తీసుకుంటానన్నాడట. ఆ మాట మళ్లీ మళ్లీ చెబుతూ డోర్కాస్ ఏడ్చింది. పాస్టరు గారు, "సాక్ష్యం వాపసు తీసుకునుడు ఏందయ్యా, అదేమన్న దుకాణంల సామానా? దేవుడు ఇది ఇయ్యకుంటే ఇంకోటి ఇస్తడు, ఓపిక పట్టు" అన్నారట. "దేవుని మీద నాకు ఫిర్యాదు లేదయ్యగారూ. తప్పుడు కొలత కొలిచి ఆయన పేరు చెప్పిన. అది ఆయన మీద ఉండొద్దు" అన్నాడట ఆశేర్.

మరునాడు నేను కూడా వెళ్లాను. డోర్కాస్ భయపడుతోందని వెళ్లాను. పాటలయ్యాక, సాక్ష్యాల సమయంలో ఒకామె తన గేదె బతికిందని చెప్పింది. తర్వాత ఆశేర్ లేచాడు.

"నేను నిరుడు ఇక్కడ నిలబడి ఒక మాట చెప్పిన" అన్నాడు. "లెక్క కుదిరిందని చెప్పిన. కుదరలేదు. నేను కొలిచింది తప్పు. ఇంజన్ రాలేదు. ఇగ రాదు. నా తప్పు."

"స్తోత్రం" అన్నారు వెనక నుంచి ఎవరో, అలవాటు కొద్దీ.

"స్తోత్రం కాదు" అన్నాడు ఆశేర్. "నేను చెప్తున్నది వినుండ్రి. రాదు అంటున్న."

"తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అన్నారు జాన్ పాల్ గారు బైబిలు వాక్యం ఎత్తి, ప్రేమగా. "మన తమ్ముడు తగ్గించుకుంటున్నడు. హల్లెలూయ."

"హల్లెలూయ" అంది సంఘమంతా. కంజీర మోగింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆశేర్ ఇంకా నిలబడే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏమన్నాడో ఆ పాటలో వినబడలేదు. గోడ పక్కన సీతమ్మకు మాత్రం అంతా అర్థమైంది. కొంగు ముఖం మీదికి లాక్కుని, పాట ముగిసేదాకా తియ్యలేదు.

ఆ తర్వాత అతను చర్చికి పోలేదు. కొన్నాళ్లకు షెడ్డుకు రావడం కూడా తగ్గించాడు. ఒక మంగళవారం ఇంజన్ వెయ్యడానికి మనిషి లేక మల్లేశ్వర్ గారు వేరే ఆపరేటర్ను పెట్టుకున్నారు. ఆశేర్ ఇల్లు ఖాళీ చేసి పాల్మాకులకు మారుతున్నాడని డోర్కాస్ చెప్పినప్పుడు, నా కళ్ల ముందు మొదట కనబడింది నా పిల్లవాడే. రేపటి నుంచి వాణ్ని ఎవరికి అప్పగించాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాడి గిన్నె, దుప్పటి తెచ్చుకోవడానికి వెళ్లాను. సామాను సగం మూటలు కట్టి ఉంది. ఆశేర్ పట్టపగలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. షెకీనా తండ్రి వీపుకు వీపు ఆనించి కూర్చుని మురుకులు తింటోంది.

"పలుకడక్కా" అంది డోర్కాస్ గొంతు తగ్గించి. "దవాఖానకు పోదమంటే నాకేమైందే అంటడు. అన్నం పెడితే తింటడు. పెట్టకుంటే అడుగడు."

నేను పిల్లవాణ్ని చంకలో వేసుకుని దగ్గరికెళ్లాను. "ఆశేరన్నా, రెండోసారి నువ్వు చేసింది సరిగ్గనే ఉంది కదా. నేను చూసిన. తప్పు దిద్దుకున్నవు. మోడల్ సరిపోయింది."

అతను ఇటు తిరగలేదు. గోడకేసే చూస్తూ అడిగాడు.

"దేనితోని సరిపోయింది మేడం?"

నేను పిల్లవాణ్ని ఇంకో చంకలోకి మార్చుకున్నాను.

"డీజిలింజన్‌తోని సరిపోయింది" అన్నాడు. "డీజిలింజన్ ఎగురదు. ఎగిరేదానితోని సరిపోతదో లేదో నాకెన్నడు తెల్వది."

ఇంకొకరు చేస్తారని, ఇంకో అవకాశం వస్తుందని చెప్పబోయాను. నోట్లోకి వచ్చిన ప్రతి మాటా సీతమ్మ "వస్తది"లాగే ఉంది. పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. గిన్నె, దుప్పటి తీసుకుని బయటికి వచ్చాను. మెట్లు దిగుతుంటే లోపల డోర్కాస్ అంటోంది, "జర లెవ్వు, చాప సుట్టాలె." ఆశేర్ లేచిన చప్పుడు వినబడలేదు.